రిసెప్షన్ ప్రింటర్ వెనక నల్ల డబ్బా

పిలిచి జీతమిచ్చేవాళ్ళ ఇంట్లోనే దొంగతనానికి ప్రయత్నించడం నా ఉద్యోగం. ఆస్పత్రులు, కాలేజీలు, చిన్నచిన్న కంపెనీలు తమ కంప్యూటర్లలోకి బయటివాళ్ళు ఎలా దూరగలరో చూపించమంటాయి. నేను దూరి, ఎక్కడెక్కడ కన్నాలున్నాయో రిపోర్టు రాసిస్తాను. దొంగకీ నాకూ తేడా ఒక్క కాగితం. ఫలానా రోజు నుంచి ఫలానా గంట వరకు ఈ మనిషికి అనుమతి ఉంది అని సంతకం పెట్టిన కాగితం. అది సంచిలో ఉన్నంతసేపూ నేను పెద్దమనిషినే.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నా పని ఆయనకు ఏనాడూ సరిగ్గా అర్థం కాలేదు, కానీ ప్రతి పని చివరా ఒకటే అడుగుతాడు, సామాన్లన్నీ తిరిగొచ్చాయా అని. వర్క్‌షాపులో టూల్‌రూం నుంచి పానా తీసుకుంటే మన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ మేకుకి తగిలించి రావాలి. షిఫ్టు దిగే వేళకి బిళ్ళ ఇంకా వేలాడుతోందంటే పానా ఏ బోగీ కిందో ఉండిపోయినట్టే. అది దొరికేదాకా ఆ బోగీని కదలనివ్వరు. నేను విని నవ్వేదాన్ని. మా పనిలో పానాలెక్కడివి నాన్నా అనేదాన్ని.

ఆ వారం ఖరగ్‌పూర్‌లోనే, మలంచా రోడ్డులో ఒక నర్సింగ్ హోం పని దొరికింది. గురువారం రోగి తాలూకు మనిషిలా రిసెప్షన్ ముందు బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి అమ్మాయి టీకి లేవగానే, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన నల్ల డబ్బాని ప్రింటర్ వెనక పెట్టి, గోడలో ఉన్న నెట్‌వర్క్ సాకెట్‌కి తగిలించి వచ్చేశాను. ఆ డబ్బా ఒక చిన్న కంప్యూటర్. ఆస్పత్రిలో ఉన్న ప్రతి యంత్రం తలుపూ తట్టి, ఏది తెరుచుకుంటుందో చూడటం దాని పని. ఆదివారం ఓపీ ఉండదు కనుక, ఆదివారం పదకొండింటికి గట్టిగా మొదలుపెట్టేలా దాన్ని అమర్చాను. తీరా చూస్తే ఆ సాకెట్ చచ్చిపోయి ఉంది. సరేలే అని మేడ మీద రికార్డుల గదిలో ఇంకో డబ్బా పెట్టుకుని పని సాగించాను. కింది డబ్బా సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున మేడ మీది డబ్బాతో మెల్లగా, చాలా మెల్లగా తట్టి చూశాను. ఐసీయూలో ఆరు మంచాల మీది మనుషుల గుండె లయ సిస్టర్ బల్ల మీద ఒక తెరలో కనబడుతూ ఉంటుంది. ఆ తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. గీతలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. సిస్టర్ లేచి మంచం మంచానికీ పరుగెత్తుతూ చేతులు పట్టుకుని నాడి చూస్తోంది. అద్దం ఇవతల నేను నిలబడి లెక్కపెట్టాను, తొంభై సెకన్లు. తర్వాత గీతలు కదిలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంక ఆ వైపు ముట్టుకోవద్దనీ, ఆదివారం దాకా వద్దు, శనివారం సాయంత్రం ఆరింటికే పని ముగించమనీ నర్సింగ్ హోం నడిపే డాక్టరు చెప్పి, కాగితం మీద గడువు దిద్ది సంతకం పెట్టాడు. అదే కాగితం ప్రకారం ఫోన్లో మోసగించి చూడటం ఒక్కటి మిగిలింది.

మధ్యాహ్నం రిసెప్షన్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి పాతికేళ్ళుండవు. మాలాగే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం అని ముందే కనుక్కున్నాను. ప్రింటర్ కంపెనీ నుంచి అని హిందీలో మొదలుపెట్టి, ఆమె అనుమానిస్తుంటే తెలుగులోకి దిగాను. "ఏటమ్మా, మనోళ్ళేనా? మీది ఏ ఊరు?" అన్నాను. అంతే, గొంతు కరిగిపోయింది. ఇంతమంది బెంగాలీ, హిందీ గొంతుల మధ్య మన మాట వినబడితే ఈ ఊళ్ళో మాకు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. రెండు నిమిషాల్లో అక్కా అంది. మూడో నిమిషంలో పాస్‌వర్డ్ చెప్పేసింది. శనివారం అందరి ముందూ ఆ రికార్డింగ్ వినిపించాను. ఆ పిల్ల తల ఎత్తలేదు. నేను మాత్రం ఊరుకున్నానా? మనిషి ఎదురుగా వచ్చి, చెల్లే కాగితం చూపిస్తే తప్ప, ఎవరు ఫోన్లో ఏం చెప్పినా, ఏ భాషలో చెప్పినా వినొద్దని పాఠం కూడా చెప్పాను. ఆస్పత్రి మొత్తానికి బలహీనమైన తాళం రిసెప్షనే అని రిపోర్టులో రాసి, పంపించి, మేడ మీది డబ్బా సంచిలో వేసుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున నాన్నా నేనూ గోల్‌బజార్లో చేపలు కొంటున్నాం. పదీ పదికి నా ఫోన్ మోగింది. కింది డబ్బా నుంచి సందేశం: మేలుకున్నాను.

ఆ చచ్చిన సాకెట్‌ని ఎవరో బాగుచేసినట్టున్నారు. పదకొండుకి అది పని మొదలుపెడుతుంది. మెల్లగా తడితేనే తొంభై సెకన్లు పడుకున్న యంత్రాలు, గట్టిగా తడితే మళ్ళీ లేస్తాయో లేదో నాకు తెలియదు. అది నాకు కబురు చెప్పగలదు గానీ నేను దానికి ఆగమని చెప్పలేను. సాకెట్ చచ్చిందని ఆ ఏర్పాటు సగంలో వదిలేసింది నేనే. ఆస్పత్రి కంప్యూటర్లు చూసే ఆయన ఫోన్ ఆపేసి ఉంది. కాగితం మీదున్న ఒకే ఒక్క నంబరు, మేనేజరుది, మోగి మోగి ఆగిపోయింది. రిసెప్షన్‌కి చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది. హిందీ నోటికి రాలేదు, తెలుగే వచ్చింది. ప్రింటర్ వెనక నల్ల డబ్బా ఉంది, వైరు పీకెయ్ తల్లీ, నీకు దణ్ణం పెడతాను అన్నాను.

"ఫోన్లో సెప్తే ఏదీ ముట్టుకోమండి," అని పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

నేర్పిన పాఠం అంత బాగా వంటబట్టినందుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాన్న నా ముఖం చూసి, "ఏటయినాది?" అన్నాడు. చెప్పాను. తిట్టలేదు. "బిళ్ళ యేలాడతన్నాది. నడు," అని అటుగా వస్తున్న టోటోని, బ్యాటరీ రిక్షాని, ఆపాడు.

మలంచా దాకా ఆ ప్రయాణం ఇప్పటికీ కలలోకొస్తుంది. ముందు ఇనుప చువ్వల రిక్షా, వెనక ఆటోల హారన్లు. ఐసీయూలోని ఆ ఆరుగురిలో ఒకరిని శుక్రవారం అద్దంలోంచి చూశాను, తెల్ల జుట్టు ముసలావిడ, చెయ్యి మంచం బయటికి వేలాడుతోంది. ఆవిడ గీత ఆగిపోతే, నిజంగా ఆగిందో తెర ఆగిందో సిస్టర్‌కి ఎలా తెలుస్తుంది? కాపలా పని నాది. కంచే చేను మేసినట్టయింది నా బతుకు. నాన్న నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆయన ఒళ్ళో చేపల సంచి అలాగే ఉంది.

పదీ నలభై తొమ్మిదికి దిగి లోపలికి పరుగెత్తాను. ఆ అమ్మాయి లేచి బల్లకి అడ్డంగా నిలబడింది. కాగితం అడిగింది. సంచిలోంచి తీసిచ్చాను. వేలు పెట్టి చివరి లైను దాకా చదివింది.

"ఇది నిన్న ఆరు గంటలకే అయిపోనాది మేడమ్."

ఆమెని తోసేసి వైరు పీకాలని నా చెయ్యి లేచిన మాట నిజం. నాన్న వెనక నుంచి భుజం పట్టుకున్నాడు. అప్పుడు, బెంచీల మీద జనం అందరూ వింటుండగా చెప్పాను. ఆ డబ్బా నాదే, మర్చిపోయి వదిలేశాను, పదకొండు కాగానే మేడ మీద ఐసీయూ యంత్రాలు ఆగిపోవచ్చు, తప్పు పూర్తిగా నాది, నన్ను నమ్మక్కర్లేదు, పైనున్న డాక్టరుని అడుగు అన్నాను. ఆ మాటలంటుంటే సిగ్గు కూడా వెయ్యలేదు. గోడ గడియారమే కనబడుతోంది.

ఆమె నా మీద నుంచి చూపు తియ్యకుండానే లోపలి ఫోన్ ఎత్తి డాక్టరుతో మాట్లాడింది. ఆయన మెట్లు దిగి వచ్చి, నన్ను గుర్తుపట్టి, తీసెయ్యమన్నాడు. వైరు ఆమే పీకింది. పదీ యాభై ఏడు. డాక్టరు పైకి పరుగెత్తాడు. మేడ మీద ఎవరూ అరవలేదు, ఎవరూ పరుగులు పెట్టలేదు. నేను బెంచీ మీద కూర్చున్నాను.

ఆమె రిజిస్టరు తెచ్చి, వస్తువు, తీసిన సమయం, ఎవరిది అన్నీ రాసి, నాచేత సంతకం పెట్టించి, అప్పుడు డబ్బా నా చేతిలో పెట్టింది. రిపోర్టు మార్చి రాస్తాను, మొదటి తప్పుగా నాదే రాస్తాను, నీ గురించి రాసిన మాట కొట్టేస్తాను అన్నాను. ఫోన్లో కొత్త మనిషి గొంతు విని భయపడి ఉంటావు, నువ్వు చేసిందే సరైన పని అని కూడా అన్నాను.

ఆమె రిజిస్టరు మూసింది.

"కొత్త గొంతు కాదు మేడమ్. మీదేనని తెలిసే పెట్టీసినాను."