ఇంగ్లీషులో అడిగిన దోనె

నా చిన్నప్పుడు మా కొల్లేటి ఊళ్ళో గట్టు మీది కొంగలు కూడా ఇంగ్లీషులోనే అరిచేవంటే మా పిల్లలు నమ్మరు. నమ్మక్కర్లేదు, అది నేను కోసిన కోతే. మిషన్ బడి టీచరమ్మ మాకు ఇంగ్లీషు చెప్పిన తీరు మాత్రం నిజం. ఒకరోజు ఆవిడ ‘బారో’ అనే మాట నేర్పారు. వాడుకుని తిరిగిచ్చేస్తామని అడిగి తీసుకోవడమని అర్థం చెప్పి, ఆ మాటతోనే ఎవరినైనా అడిగి మర్నాడు ఏదో ఒక వస్తువు తెమ్మన్నారు.

అందరూ జల్లెళ్ళూ గొడుగులూ తెస్తారని నాకు తెలుసు. నేను పక్కింటి తాతయ్య తాటిదోనె మీద కన్నేశాను. తాటి మొద్దు తొలిచి చేసిన ఆ పడవలోనే ఆయన రోజూ పొద్దున్నే కొల్లేట్లోకి వెళ్ళి, నీళ్ళలో పెట్టిన వెదురు మావులెత్తి, వాటిలో పడ్డ చేపల్ని తెచ్చుకునేవారు. ఎండెక్కితే మావుల్లోని చేప చచ్చి మెత్తబడిపోతుంది. మా ఊళ్ళో నడక రాని పిల్లకి కూడా తెలిసిన సంగతే అది. నాకూ తెలుసు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తుంటే ఎదురుగా నిలబడి, “మే ఐ బారో యువర్ బోట్” అన్నాను. పాఠం అప్పజెబుతున్నాననుకుని ఆయన మురిసిపోయి తలూపారు. నాకా ఊపు చాలు. ఆయన చద్దన్నం తిని వచ్చేలోగా గెడ వేసుకుంటూ బడి రేవుకి చేరిపోయాను. పిల్లలంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. టీచరమ్మ అడిగితే, తాతయ్య ఇచ్చారని చెప్పాను.

ఆయన రేవులన్నీ వెతికి, వేరేవాళ్ళ దోనె సంపాదించేసరికి పొద్దెక్కిపోయింది. తెచ్చిన చేపని బేరగాళ్ళు ముట్టుకోలేదు. మా అమ్మ నిలదీస్తే, నేను అడిగే తీసుకున్నానని గట్టిగా వాదించాను.

సంగతి తెలిసి సాయంత్రం టీచరమ్మ మా ఇంటికొచ్చారు. నవ్వుతూ, గుక్కతిప్పుకోకుండా ఇంగ్లీషులో ఏదో అడిగారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తెలీదంటే చిన్నతనం కదా, యస్ టీచర్ అనేశాను. ఆవిడ నా పెంపుడు బాతుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోసాగారు. ఏడుస్తూ వెనకాల పరిగెత్తాను.

“అడిగాను కదమ్మా, యస్ అన్నావు.”

“నాకర్థం కాలేదండీ.”

“తాతగారికి అర్థమైందా మరి?”

ఆవిడ బాతుని నా చేతుల్లో పెట్టి, మెల్లగా అన్నారు. “వద్దనడానికి వీలుంచితేనే అడిగినట్టమ్మా. లేకపోతే లాక్కున్నట్టే.”

అటునుంచటే తాతయ్య దగ్గరికి వెళ్ళాను. తప్పయిందనడం చేతకాక, రేపు ఓసారి మీ దోనె ఇస్తారా అని తెలుగులోనే అడిగాను. ఆయన నోట్లోంచి చుట్ట తీశారు.

“ఇవ్వనమ్మా. మావులెత్తుకోవాలి.”

సరేనండీ అన్నాను. మర్నాడు ఆయన కంటే ముందే రేవుకి వెళ్ళి, దోనె అడుగున ఊరిన నీళ్ళు తోడిపెట్టాను.

ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. మొన్న భీమడోలు వెళ్ళాల్సొచ్చి, పై వాటా అమ్మాయిని స్కూటీ అడిగాను. కాదనలేని కథ ఒకటి అల్లి చెప్పడం నాకు చిటికెలో పని. అల్లలేదు. అడిగి ఊరుకున్నాను. ఆ అమ్మాయి వెంటనే, “ఇవాళ కుదరదండీ” అంది.

బస్సులో వెళ్ళాను. నిలబడే వెళ్ళాను. అయినా నాతో ఆ మాట అనడానికి ఆ పిల్ల జంకలేదన్న తృప్తి భీమడోలు దాకా నాతోనే వచ్చింది.