తలరాత మీద బొట్టు

మల్కాపురంలో మా వీధి చివరి రేకుల షెడ్డులో వరహాలు తాత నలభై ఒక్కేళ్లు లేత్ మిషను నడిపాడు. ఓడ పంపుకు షాఫ్టు, ఆటోకు బుష్షు, బావి గిలకకు ఇరుసు, ఎవరికేది కావాలన్నా ఇనుప కడ్డీని ఆ మిషనులో బిగించి, తిప్పి, చెక్కి ఇచ్చేవాడు. కంప్యూటర్ మిషన్లు వచ్చాక పని తగ్గిపోయింది. షెడ్డు యజమాని అర్జునరావు ఆ స్థలాన్ని లారీల పార్కింగుకు ఇచ్చేస్తూ, "మిషను నువ్వే ఉంచుకో వరహాలూ. ఆగస్టు నెలాఖరుకి మాత్రం ఇక్కణ్ణుంచి కదిలించాలి" అన్నాడు.

ఎనిమిది అడుగుల ఇనుము. తాతది రెండు గదుల ఇల్లు.

"దాన్నట్టుకొచ్చి మంచమ్మీద తొంగోబెడతావేటి? నానెక్కడ తొంగోవాల?" అంది భార్య సన్యాసమ్మ. "పెళ్లినాడే సెప్పుంటే సవితనుకుని సర్దుకుందును."

తాత నవ్వలేదు. మిషను పాత ఇనుము కింద తూకానికి పోతుందేమోనన్న భయం అప్పటికే పట్టుకుంది అతన్ని.

ఎవరో చెబితే ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి రమణమూర్తి అనే మేష్టారు వచ్చి చూశారు. తోలు బెల్టుతో నడిచే కాలం నాటిదని గుర్తుపట్టారు. తమ కాలేజీ ముందు హాల్లో పెట్టిస్తానన్నారు. అయితే రెండు షరతులు. మిషను నడవాలి. ఏ కంపెనీది, ఏ సంవత్సరంలో చేసిందో కాగితం ఉండాలి. "పేరూ ఊరూ తెలియని ఇనుమంటే మా కమిటీ ఒప్పుకోదండీ" అన్నారు.

పేరున్న ఇత్తడి రేకు తాత పనిలో చేరకముందే ఊడిపోయింది. అతనికి పని నేర్పిన గురువులు మేస్త్రీ "దొరల మిషను" అనేవాడట, అంతే.

మొదటి షరతు మీద మూడు నెలలు పనిచేశాడు తాత. గేర్లన్నీ విప్పి కిరసనాయిల్లో నానబెట్టాడు. విరిగిన గేరు పన్నుకు బదులు ఇత్తడితో కొత్త పన్ను పోసి ఆకురాయితో రుద్దాడు. పనిముట్టు జారే బెడ్డు మీద నీలిరంగు పూసి, ఎత్తుగా తేలినచోట చేతి ఉలితో గీకి, మళ్లీ పూసి, మళ్లీ గీకాడు. జూలై చివర్లో ఒక అడుగు కడ్డీని చెక్కి రెండు కొసల మందమూ కొలిచాడు. వెంట్రుకలో నాలుగోవంతు తేడా కూడా లేదు.

రెండో షరతు కోసం మా ఇంటికి వచ్చాడు. "నువ్వు ఎమ్మే సదివినావు గదమ్మా, దొరలకి నాలుగు ముక్కలు ఇంగిలీషులో రాసిపెట్టు."

ఫొటోలు జతచేసి, పాత మిషన్ల చరిత్ర సేకరించే నలుగురికి రాశాను. ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. ఆకారాన్ని బట్టి ఇది మూడు కంపెనీల్లో ఒకదానిది కావచ్చు. ఆ మూడింటి రిజిస్టర్లూ తన దగ్గరున్నాయి. తయారైన రోజు, ఎక్కించిన ఓడతో సహా అందులో ఉంటాయి. నంబరు ఒక్కటీ పంపితే చాలు. అది బెడ్డుకు కుడి కొసన, ముందువైపు గుద్ది ఉంటుంది.

చదివి చెబుతుంటే తాత ముఖం విప్పారింది. "నంబరా? అదెక్కడుందో నాకెరికే! పన్లో సేరిన్నాడే గురువులు మేస్త్రీ సూపించినాడు. 'ఒరే, ఇది దీని తలరాత. మడిసికి నుదుటి మీదుంటాది, దీనికిక్కడుంది. బొట్టిక్కడే ఎట్టాల' అన్నాడు."

ఆ మాట అంటూనే గబుక్కున లేచాడు. ఇద్దరం షెడ్డుకు వెళ్లాం.

మూడు నెలల్లో మిషనంతా శుభ్రం చేసినవాడు ఆ ఒక్కచోటు ముట్టుకోలేదు. బొట్టును ఎవరు గీకుతారు? ఏటా విశ్వకర్మ పూజకు తడి పసుపు, దాని మీద కుంకుమ, పైనుంచి కొబ్బరి నీళ్లు. తుడవకుండా, ఏ ఏటిది ఆ ఏటి మీదే. అది వేలెడు మందాన గట్టిపడి ఉంది. తాత దణ్ణం పెట్టుకుని, కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, నెమ్మదిగా ఒలిచాడు.

కింద ఇనుము మశూచి వచ్చిన మొహంలా ఉంది. సముద్రపు గాలిలో ఆ తడి తుప్పై, తుప్పు గుంటలై, నంబరును తినేసింది. మొదట్లో నాలుగు అంకె ఆనవాలు. తర్వాతది మూడో, ఆరో, ఎనిమిదో. మిగతావి లేవు. టార్చి ఏటవాలుగా పట్టి చూశాం. కాగితం పెట్టి బొగ్గుతో రుద్దాం. చివరికి తాత కళ్లు మూసుకుని వేలితో తడిమాడు.

"ఇదంతా నా సేత్తోనేనమ్మా. నలభై ఒక్క పూజలు," అన్నాడు.

నాలుగుతో మొదలయ్యేవి మూడు కంపెనీల్లోనూ వేలకొద్దీ ఉన్నాయని పెద్దాయన విచారిస్తూ రాశాడు. రమణమూర్తి గారు మిషను నడవడం చూసి చాలా మెచ్చుకున్నారు. వెళ్లేటప్పుడు తాత వైపు చూడలేదు.

పాత ఇనుము కొనే గవర్రాజు, తాతకు స్నేహితుడే, ఒక ఉపాయం చెప్పాడు. "నీకాడ నంబర్లు గుద్దే పంచిలు నేవేటి బావా? ఏదో ఓటి గుద్దీ! ఆ కాలేజీవోళ్లు లండనెల్లి అడుగుతారేటి?"

తాత పంచి తీశాడు. సుత్తి కూడా తీశాడు. ఇనుము మీద పంచి ఆనించి సుత్తి ఎత్తాడు. తర్వాత రెండూ కింద పెట్టేశాడు.

"ఉన్న రాత సెరిపీసినాను. దొంగరాత కూడా నానే రాయాలేటి?"

ఆగస్టు ముప్పైన గవర్రాజు మనుషులు వచ్చారు. పోత ఇనుము గ్యాసు మంటకు సరిగా తెగదు, సమ్మెటతో విరగ్గొట్టాలి. సమ్మెట పట్టినవాడు పది దెబ్బలు వేశాడు. ప్రతి దెబ్బకూ సమ్మెట ఎగిరి వెనక్కి వస్తోంది, బెడ్డు చెక్కు చెదరలేదు. సన్యాసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది, సవితి మాట ఎత్తలేదు.

గవర్రాజు మొహమాటంగా అడిగాడు. "బావా... ఎక్కడ కొడితే ఇరుగుద్ది?"

అది తెలిసిన మనిషి అక్కడ ఒక్కడే. తాత వచ్చి మిషను పక్కన గొంతుక్కూర్చున్నాడు. బెడ్డు అడుగున చెయ్యి పోనిచ్చి, పలచగా ఉన్న చోటు వెతికి, పైన వేలు పెట్టి చూపించాడు.

అక్కడ రెండో దెబ్బ పడబోతుంటే సమ్మెటవాడితో అన్నాడు.

"కాలు ఎనక్కెట్టు బాబూ. ఇరిగితే ఇటే పడతాది."