ముగ్గు లేని వాకిలి

డిసెంబరు, ధనుర్మాసం మొదటి శుక్రవారం. ఉన్నవాళ్ళు: నేను, పనమ్మాయి, గడప ముందు కొత్తగా అతికించిన ముగ్గు స్టిక్కరు.

స్టిక్కరును కూడా ఉన్నవాళ్ళలో వేశానంటే ఈ ఇంట్లో మనుషులు ఎంతమంది మిగిలారో తెలుస్తూనే ఉంది. ఈ ఊరి శివారు మనలిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసినన్నాళ్ళూ షిఫ్టులో ఎవరెవరు ఉన్నారో రాశాకే మిగతా సంగతులు రాసేవాణ్ణి. రిటైరయ్యాక డైరీకి కూడా ఆ పద్ధతే అంటుకుంది. మా ఆవిడ పోయాక ఆ మొదటి వాక్యం బాగా పొట్టిదైపోయింది. పొద్దున పనమ్మాయి స్టిక్కరు అంచులు అరచేత్తో అదుముతూ, "నీళ్ళు పోసినా పోదంట తాతా. ఏడాది గ్యారంటీ" అంది. మంచిదే అన్నాను. కానీ కాఫీ తాగుతున్నంతసేపూ చూపు దానిమీదే ఉంది. ఏడాదిపాటు చెరగని ముగ్గును చూస్తుంటే, వెయ్యకుండా వదిలేసిన ఒక ముగ్గు గుర్తొచ్చింది.

మాది ఈ అరవ పట్నంలో, జార్జి టౌన్‌లో సన్నని సందు. రెండు తోపుడు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. కొన్నేళ్ళ క్రితం మా మేడమీద గదిలోకి మారిషస్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఫిజియోథెరపీ చదవడానికి. ఎన్నో తరాల కిందట చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ పిల్ల. పిల్లలు చదువుకోవడానికి ఈ ఊరు వదిలి విదేశాలకు వెళ్తుంటే, మా సందునే విదేశం అనుకుని ఒక పిల్ల రావడం మాకు వింతగా ఉండేది. ఆమెకు ఇంట్లో తెలుగు నేర్పింది అమ్మమ్మ ఒక్కతే. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది కూడా ఆవిడే. మిగతా వాళ్ళందరూ ఆ దీవి భాషలోనే మాట్లాడుకుంటారట. వచ్చిన రోజు మా ఆవిడను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ ఏందిమే, అంగట్లో పిలిచినట్టు! అత్తా అను" అంది మా ఆవిడ. నన్ను మాత్రం ఎవరూ దిద్దలేదు కాబట్టి అంకుల్‌గానే ఉండిపోయాను.

మొదటి నెలలు ఆ పిల్ల పడిన అవస్థ ఇంతా అంతా కాదు. పాఠం ఇంగ్లీషులో జరిగేదట, జోకులు మాత్రం అరవంలో. క్లాసంతా నవ్వాక ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. "నాకు ఆ క్షణమే కష్టం అత్తా" అని ఒక సాయంత్రం మెట్లమీద కూర్చుని ఏడ్చింది. బస్సులో జనం తోస్తే ప్రతిసారీ సారీ చెప్పి, దిగాల్సిన స్టాపు దాటిపోయేది. టిఫిన్ డబ్బాలో పెరుగన్నం మూత తీస్తే పుల్లటి వాసన వస్తోందని సిగ్గుపడి, సగం తిని సగం దాచేది. మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. తెల్లవారగానే లేవడం, స్నానం, వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు, తరువాత కాఫీ, అప్పుడు పుస్తకం. "ముందు చెయ్యి కుదరాల. చెయ్యి కుదిరితే మనసు దానంతట అదే కుదురుతుంది పో" అనేది. మొదట్లో ఆ పిల్ల వేసిన ముగ్గు వాన వెలిసిన బురదలో కోడి నడిచినట్టుండేది. నేనామాటే అంటే మా ఆవిడ నావైపు చూసిన చూపుకు ఆ రోజు రెండో కాఫీ రాలేదు.

రోజూ క్లాసునుంచి రాగానే ఆ అమ్మాయి అమ్మమ్మతో వీడియోలో మాట్లాడేది. ముసలావిడకు ఫోను పట్టుకోవడం రాదు. సగం నుదురూ, ఇంటి కప్పూ కనిపించేవి. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "అలవాటు పడ్డావేటమ్మా?" పడ్డానని ఈ పిల్ల అబద్ధం చెప్పేది. చెప్పి ఫోను పెట్టేసి, కళ్ళు కడుక్కునేది.

ఏడాది తిరిగేసరికి అబద్ధం నిజమైంది. స్నేహితురాళ్ళు కుదిరారు. జోకులకు అందరికంటే ముందు నవ్వేది. క్లాసయ్యాక ఆసుపత్రి డ్యూటీ, ఆ తరువాత చదువు. రోజూ చేసే ఫోను రెండు రోజులకోసారి, ఆపైన ఆదివారాలకు మారింది. ఎవరినీ తప్పు పట్టలేం. అలవాటు పడమని అడిగింది ఆవిడే, పడింది ఈ పిల్ల. ధనుర్మాసం వచ్చింది. సందు సగం నిండేలా ముగ్గు వేసేది. చుక్కల వరస చూసి ఎదురింటామె కూడా మెచ్చుకుంది. "ఈ ఆదివారం అమ్మమ్మకు చూపిస్తాను" అంది.

ఆ ఆదివారం రాలేదు. గురువారం సాయంత్రం మేనమామ ఫోను చేశాడు. ఆ పిల్ల మా ఇద్దరి ముందూ నిలబడి, హాజరు పలికినట్టు చెప్పింది. అమ్మమ్మ పోయింది. రేపే దహనం. ఇక్కడనుంచి విమానం మారి వెళ్ళేలోగా అంతా అయిపోతుంది. పరీక్ష రాసుకోమన్నారు. మా ఆవిడ దగ్గరికి తీసుకోబోతే, "రేపు ప్రాక్టికల్స్ అత్తా" అని పక్కకు జరిగింది. పెట్టిన ఉప్మా తిన్నది, ప్లేటు కడిగి బోర్లించింది. మెట్లెక్కుతూ ఆగి, "ఇంక మా ఇంట్లో తెలుగు ఎవరూ మాట్లాడరు" అంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. మా ఆవిడ చాలాసేపు మెట్ల కింద నిలబడింది.

మర్నాడు తెల్లవారుజామున ఆ పిల్ల ఎప్పటిలాగే తలస్నానం చేసి, ముగ్గుపిండి డబ్బాతో దిగివచ్చింది. మా ఆవిడ గడపలో కూర్చుని ఉంది. డబ్బా చేతిలోంచి తీసుకుంది.

"ఈరోజు ముగ్గు లేదు బిడ్డా."

"ఎందుకు?"

"ఇంట్లో పెద్దామె పోతే వాకిట్లో ముగ్గు వెయ్యరు."

"అమ్మమ్మ ఈ ఇంట్లో లేదు కదా అత్తా."

"నువ్వు ఈడనే గదా వుండావు."

ఆ అమ్మాయి తడి నేలవైపు ఒకసారి చూసింది. అప్పుడు కూలబడింది. ఆ ఏడుపు గురించి ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు. ఇప్పుడూ రాయలేను. సందంతా ముగ్గులూ, గుమ్మడిపూలూ. మా వాకిలి ఒక్కటే ఖాళీ. ఎదురింటామె చీపురు పట్టుకుని దాటి వచ్చింది.

"ఏంది అక్కా, ధనుర్మాసంలో వాకిలి ఇట్లా బోడిగా పెట్టుండావు? ఎవురు?"

"మా అమ్మమ్మ పోయింది మే."

"అయ్యో! ఈ వయసులో నీకు అమ్మమ్మ యాడుండాదక్కా?"

"వుండింది. దూరంలో వుండింది" అంది మా ఆవిడ, ఆ పిల్ల తడి జుట్టు వేళ్ళతో చిక్కు తీస్తూ.

ఎదురింటామె చీపురుతో వెనక్కి తిరిగింది. ఎండ వచ్చాక ఆ అమ్మాయి తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని పరీక్షకు వెళ్ళింది. రోజూ మా ముగ్గు తొక్కకుండా వంపు తిరిగే తోపుడు బండి ఆవేళ వాకిట్లోంచి నేరుగా పోయింది. ఆ తరువాత ఇన్నేళ్ళలో కాలం నాకు ఒంటి కాఫీ అలవాటు చేసింది, పొట్టి డైరీ అలవాటు చేసింది. ఆ వాకిట్లో చక్రాలు నేరుగా దొర్లిన చప్పుడు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.