శాంతి క్లాసులో నల్లబూట్లు

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ బెంచీ మీద కూర్చుని డైరీ రాసుకుంటుంటే, సెక్యూరిటీ అమ్మాయి దగ్గరికొచ్చి, ఏం రాస్తున్నరు తాతా అని అదోలా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, ముప్పై ఏళ్ల కిందట నాచారంలో ఒక క్లాసు క్లాసే నన్నలా చూసింది.

తొంభైల మొదట్లో నేనక్కడి ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. విద్యార్థులు రెండు ముఠాలై కొట్టుకుంటుంటే, శనివారం మధ్యాహ్నాలు శాంతి, అహింసల మీద క్లాసు నడపమని ప్రిన్సిపాల్ నాకప్పగించారు. ఎవరి మీద కోపం వచ్చింది, చెయ్యెత్తకుండా ఎలా ఆగారు అన్నది వాళ్లు చెప్పాలి, నేను పేరు, తేదీ వేసి డైరీలో రాసుకోవాలి, ఇదీ నా పద్ధతి. మఫ్టీ పోలీసులు కాలేజీల చుట్టూ తిరిగే ఆ రోజుల్లో, పేర్లు రాసుకునేవాడి ఎదుట ఎవరు నోరు విప్పుతారన్నది నాకు తట్టనే లేదు.

నాలుగో వారానికి క్లాసు మూగబోయింది. చివరికి ముందు వరుసలోని అమ్మాయి లేచి, "సార్, గీ పేర్లన్నీ ఠాణాకు పోతున్నయంటున్నరు, నిజమేనా?" అనేసింది. రోషంతో డైరీ ఆమె చేతికే ఇచ్చి, మొదటి వారం నుంచి అందరికీ వినపడేలా చదవమన్నాను.

రెండో వారం పేజీలో, నేనే మరిచిపోయిన నా రాత ఉంది. చర్లపల్లి నుంచి సైకిల్ మీద వచ్చి వెనక బెంచీలో కూర్చునే అతను వయసులో పెద్దవాడు, మాట్లాడడు, నల్లబూట్లు వేస్తాడు, పోలీసుల మనిషేమో, జాగ్రత్త అని. చదువుతుండగానే ఆమె గొంతు సన్నగిల్లింది కానీ, తలలన్నీ అప్పటికే వెనక్కి తిరిగాయి. "దొరికిండు భాయ్!" అని ఎవరో నవ్వారు. అతను లేచి, "గివి కంపెనీల ఇచ్చిన బూట్లు సార్, డ్యూటీ దిగి సీదా ఇటే వస్త" అని, నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయాడు.

కాలేజీకే రావడం మానేశాడని తెలిసి, షిఫ్టు మారేవేళ చర్లపల్లిలో అతని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి పక్కకు తప్పుకోలేదు, పైగా చాయ్ తాగించాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్. నేను గూడ మీరే పోలీసుల మనిషనుకున్న. చెప్పేది మంచిగుండెనని వచ్చిన" అన్నాడు. ఎంత బతిమాలినా మళ్లీ రానన్నాడు, అంతమంది తిరిగి చూస్తుంటే ఇక కూర్చోలేనన్నాడు.

ఇప్పుడు మా కాలనీ పెద్దలం, ఒక మాట నచ్చకపోతే చాలు, వాట్సాప్ గ్రూపులోంచి ఆ క్షణమే బయటికి పోతున్నాం. నన్ను నమ్మకుండానే అంత దూరం సైకిల్ తొక్కుకొచ్చి నా మాట వినేవాడతను. అలాంటి శ్రోత నాకు మళ్లీ దొరకలేదు.