నువ్వుండక్కా

మా అక్కకి ఏ సంగతైనా మొదటినుంచీ చెప్పడం అలవాటు. చింతపండు అయిపోయిందని చెప్పాలన్నా పోయిన నెల సంత దగ్గర మొదలుపెట్టేది. పాలకొల్లులో ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మిషను ఆగినా మాట ఆగేది కాదు. నేను సైన్సు మాస్టారిని, సూటిగా చెప్పనివాళ్లంటే నాకు చిరాకు.

కరోనా టీకా వేయించుకున్న పదో రోజున అక్కకి తలనొప్పి పట్టుకుంది. మాత్రలకు తగ్గలేదు. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు వచ్చాయి. క్లినిక్కుకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. వానాకాలంలో మా వైపు ఆ మాట వింటే పసిపిల్లాడైనా డెంగీ అంటాడు. నేనూ అదే అనుకున్నాను.

డాక్టరు గారు మాత్రం అడిగారు. "ఈ మధ్య మందులేమన్నా వాడారాండీ?"

"అదేనండీ, మొన్నొక మంగళవారం తెల్లారగట్ట లేచి బళ్ళో లైన్లో నించున్నామాండీ..." అని అక్క మొదలుపెట్టింది.

"నువ్వుండక్కా," అన్నాను. "తలనొప్పి మాత్రలు తప్ప ఏం లేవండి."

నేను అబద్ధమాడలేదు. మందంటే మా లెక్కలో మింగేది. టీకా కూడా మందేనని, సైన్సు చెప్పి బతికే నాకు తట్టనే లేదు. ఆ లైన్లో అక్కను నిలబెట్టింది కూడా నేనే.

డెంగీ కావచ్చని, తలనొప్పి తగ్గకపోతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పారాయన. నేను తీసుకెళ్లలేదు. ప్లేట్‌లెట్లు పెరగాలంటే బొప్పాయాకు రసం కదా! వెనకింటివాళ్ల పెరట్లో ఆకులు కోసుకొచ్చి, దంచి, పిండి తాగించాను. "చేదురా, తల పగిలిపోతోందిరా" అంటే, "చేదుంటేనే పనిచేస్తుంది, తాగు" అని గదిమాను. అలా రెండు రోజులు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకులు పట్టుకు కూర్చునే చేతులు కాల్చుకున్నాను.

మూడో రోజు పొద్దున అక్క చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకి వంగింది. రాజమండ్రి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ స్కాన్ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "టీకా ఎప్పుడు వేయించుకున్నారు?" టీకా తర్వాత చాలా అరుదుగా ఇలా అవుతుందట. ఒక పక్క ప్లేట్‌లెట్లు తగ్గిపోతూనే, ఇంకో పక్క రక్తం గడ్డకడుతుందట. అక్కకి మెదడులో కట్టింది. ముందే వచ్చి ఉంటే అని ఆవిడ అనలేదు. నేనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

టీకా మీద నాకు కోపం లేదు. నా కోపమంతా క్లినిక్కులో నేనన్న ఆ ఒక్క ముక్క మీద. మంగళవారం దగ్గర మొదలుపెట్టిన మనిషి ఇంకో రెండు మాటల్లో సూది దగ్గరికి వచ్చేసేది. నా జీవితంలో అక్క మాట పూర్తిగా వినాల్సింది అదొక్కసారే, అప్పుడే వినలేదు.

అక్క బతికింది. మెల్లగా నడుస్తుంది. ఎడం చేత్తో అన్నం తింటుంది. మాట మాత్రం తిరిగి రాలేదు. పరీక్షకి వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ "ఎలా ఉందమ్మా?" అని అడుగుతుంది. నేను నోరు మూసుకుని అక్క వైపు చూస్తాను. ఎంతసేపైనా ఆగుతాను, పోయిన నెల సంత దగ్గర మొదలుపెట్టినా సరే. అక్క పెదవులు కదుపుతుంది. కాసేపటికి అలిసిపోయి, నువ్వే చెప్పరా అన్నట్టు నన్ను మోచేత్తో పొడుస్తుంది.