మూడో మిషన్‌కు బొట్టు

కొత్త బట్టలు కట్టుకుని, ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెడుతూ, ఆ దసరా అంతా నేను ఒక మిషన్ గురించే ఆలోచించాను.

తొంభైల్లో కరీంనగర్‌లో, నిరుద్యోగుల పేర్లు నమోదు చేసే ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వైర్లతో కలిపిన మూడు కంప్యూటర్లలో పేర్లన్నీ మూడు పాళ్ళుగా ఉండేవి. వాటిని బంద్ చెయ్యడానికి ఒక వరస ఉంది. ముందు కొత్త పేర్లు తీసుకోవడం ఆపాలి. తర్వాత ఒక్కో మిషన్ అప్పటిదాకా గుర్తుపెట్టుకున్నదంతా డిస్కు మీద రాసుకునేదాకా ఆగాలి. ఆగకుండా కరెంటు తీస్తే ఆ కాస్తా పోయినట్టే.

సెలవులకు ముందు రోజు ఆఫీసులో దుమ్ము దులపడం, ఆయుధపూజ. అందరికంటే చివర హుజూరాబాద్ వైపు నుంచి ఒకామె వచ్చింది. కార్డు రెన్యువల్‌కు అదే ఆఖరి రోజు, తప్పితే ఆరేళ్ళ సీనియారిటీ పోతుంది. మూడో మిషన్‌లో ఎక్కించి, కార్డు మీద తేదీ ముద్ర వేసి ఇచ్చాను.

"మిషన్ల ఎక్కింది గద సార్?" అని రెండుసార్లు అడిగింది.

"ఎక్కింది, ఫికర్ చెయ్యకమ్మా" అన్నాను విసుగ్గా.

రెండు మిషన్లు పద్ధతిగానే ఆపాను. బస్సు టైమైంది. మా బాపు ఈడున్న అటెండర్ పసుపు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గిది గూడ బంద్ చెయ్యాల్నా? బొట్టు పెట్టాలె."

"ఆ, కానియ్ కాకా" అంటూ సంచి అందుకున్నాను. ఆయన స్విచ్ తీసి, మిషన్‌కు దండం పెట్టాడు.

మూడో మిషన్ రాసుకునేదాకా ఆగలేదని బస్సు ఊరు దాటాక గుర్తొచ్చింది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. అవ్వ దిష్టి తీసింది. రాసుకునే ఉంటుందిలే అనుకుంటాను, మరుక్షణమే లేచి గడపదాకా పోయి వస్తాను. తప్పు కాకా మీద నెట్టెయ్యొచ్చని కూడా అనిపించింది. నా మీద నాకే రోత పుట్టింది.

ఆఫీసు తెరవగానే ఆమె పేరు కొట్టి చూశాను. గడువు దాటిందని ఉంది. పాత చిరునామా రాసుకుని వెంటనే బస్సెక్కాను. ముద్ర ఉన్న కార్డు తప్ప ఇక రుజువు లేదు.

ఆమె దేవుడి పటం వెనక నుంచి కార్డు తీసింది. దానికీ పసుపు, కుంకుమ! నా పై ప్రాణం పైనే పోయింది.

"ముద్ర మీద పడితె తారీఖు కనవడదని జర మూలకు పెట్టిన సార్" అంది.

తేదీ చెక్కుచెదరలేదు. కార్డు నా చేతికిస్తూ మళ్ళీ అదే అడిగింది, "మిషన్ల ఎక్కింది గద సార్?"

"ఎక్కలే అమ్మా" అన్నాను. "పోగొట్టింది నేనే."