క్యాంపుకు బియ్యం ఎందుకు మానుకున్నాం

2005లో నేను భద్రాచలంలో ఖాదర్ సేటు టోకు కిరాణా కొట్లో లెక్కలు చూసేవాణ్ణి. ఏడో తరగతితో చదువు ఆగింది. టెండర్లకు రేటు కట్టడం కొట్లోనే నేర్చుకున్నాను. ఆ ఏడాది అడవిలోని ఒక భద్రతా బలగాల క్యాంపుకు రేషన్ సరఫరా చేసే కాంట్రాక్టు మాకు వచ్చింది. బేరాలు లేవు, బిల్లు ఆగేది కాదు. అంత మంచి ఖాతా మా కొట్టుకు అంతకుముందు లేదు.

ఏ సరుకు ఎంత కావాలో రాసిన ఇండెంట్ క్యాంపు నుంచి వారంవారం వచ్చేది. అక్కడ మనిషికి రోజుకు ఇంత బియ్యమని స్కేలు ఉంటుంది. కాబట్టి బస్తాలెన్నో తెలిస్తే లోపల మనుషులెందరో తెలిసిపోతుంది.

మా డీసీఎం వ్యాన్ నడిపే ముత్తయ్యది ఆ దారిలోనే ఉన్న అడవి పల్లె. ఒక గురువారం సరుకు దించి తిరిగొచ్చి, వ్యాన్ దిగకుండా కూర్చున్నాడు. దారిలో లోపలివాళ్ళు, అంటే నక్సలైట్లు, ఆపారట. కొట్టలేదు, తిట్టలేదు, తాగడానికి నీళ్ళు కూడా ఇచ్చారట. వారానికి ఎన్ని బస్తాలు పోతున్నాయని మాత్రం అడిగారట. తనకు లెక్క తెలియదన్నాడట.

"మీ లెక్కల సారును అడిగి మళ్ళ వారం చెప్పమన్నరు. ఏం చెప్పాలె సార్?"

సగానికి తగ్గించి చెప్పమన్నాను. ముత్తయ్య నా వైపు జాలిగా చూశాడు.

"బస్తాలు దించేటోళ్ళు మా ఊరోళ్ళే గద సార్. లోపలోళ్ళకు తెల్వక అడిగిన్రా? నేను ఎటు దిక్కున్ననో చూస్తున్నరు."

నిజం చెబితే అతను వాళ్ళ మనిషవుతాడు. రేపు ఏ రోజు, ఏ దారి అని అడుగుతారు. ఆ సంగతి క్యాంపుకు తెలిస్తే అతన్ని వదలరు. అబద్ధం చెబితే లోపలివాళ్ళ చేతిలోనే చస్తాడు.

సేటు అంతా విన్నాడు. మధ్యలో మానేస్తే డిపాజిట్ పోతుందని చెప్పాను. ఆయన దాని సంగతి ఎత్తలేదు.

"రేటు కట్టినప్పుడు ముత్తయ్య పానానికి ఎంత కట్టినవ్?"

డీజిలు, కూలి, తరుగు మాత్రమే కట్టానని చెప్పాను.

"బంద్ చెయ్యి. జల్దీ రాసియ్యి."

బండి పాడైందని రాసి నేనే తీసుకెళ్ళాను. క్యాంపు అధికారి చదివి, మాకంటే ముందు మానేసిన ఇద్దరి బండ్లూ ఇలాగే పాడయ్యాయని హిందీలో అన్నాడు. ఇంకేమీ అడగకుండా పంపేశాడు.

కాంట్రాక్టు వేంసూరు వైపు వ్యాపారికి పోయింది. ముత్తయ్య టీకొట్టు దగ్గర కాపు కాసి, ఆ కొత్త డ్రైవర్‌కు జరిగిందంతా చెప్పాడు. అతను నవ్వేశాడట.

"నేనీ ఊరివాణ్ణే కాదు కదా అన్నా, నాతో వాళ్ళకేం పని?"

వానలు పడకముందే ఆ వ్యాన్ అడవిలో కాలిపోయింది. డ్రైవర్ శవం మరుసటి రోజు దొరికింది. ఎవరు చంపారంటే ఒక్కో వైపు ఒక్కో మాట చెప్పింది. ముత్తయ్య ఆ డ్రైవర్ ఊరికి పోయి, దినం అయ్యేదాకా అక్కడే ఉండి వచ్చాడు.

అంత లాభమున్న పని ఎందుకు వదిలారని ఖమ్మం వ్యాపారులు ఇప్పటికీ అడుగుతారు. ఆ క్యాంపు పని నష్టమొచ్చి మానేసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. ఇప్పుడు ఏ టెండరొచ్చినా ముందు డ్రైవర్‌ను పిలిచి కూర్చోబెడతాను. ఆ దారిన పోతానని అతనంటేనే రేటు కడతాను.